ముందు చనిపోయాడని చెప్పండి

పాడె మోసుకెళ్తూ శ్మశానానికి కాస్త ఇవతల ఆగుతాం. నేల మీద దించుతాం. కొడుకో తమ్ముడో వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తాడు. పలుకు రాకపోతే మళ్ళీ భుజాలకెత్తుకుంటాం. అదే దింపుడు కళ్ళం. నాడి చూసే వైద్యుడు దొరకని ఊళ్ళలో మన పెద్దలు పెట్టుకున్న ఆఖరి తనిఖీ అది. ఊపిరున్నవాణ్ణి పొరపాటున చితి మీద పెట్టేస్తామేమోనన్న భయం వాళ్ళకూ ఉండేది. ఆ భయానికి వాళ్ళొక పద్ధతి ఏర్పరచుకున్నారు. పిలిచారు. పలకలేదు. ఒప్పుకున్నారు. నడిచారు.

ఇవాళ గోదావరి జిల్లాల్లో ఏ పెద్దాసుపత్రి ఐసీయూ ముందైనా కాసేపు నిలబడండి. ఆ ఒప్పుకోవడం ఎక్కడా కనిపించదు. లోపల మనిషి చనిపోయి ఉంటాడు. బయట తల్లి "ఇంకా ఒళ్ళు వెచ్చగానే ఉందండీ" అంటూ ఉంటుంది. డాక్టరుగారు "చూద్దామమ్మా, దేవుడున్నాడు" అని చెప్పి లిఫ్టు ఎక్కేస్తారు. అవయవదానం మీద జనానికి అవగాహన లేదని ఏటా ఆగస్టులో ర్యాలీలు తీస్తున్నారు, కాలేజీ పిల్లలకు ప్లకార్డులిచ్చి ఎండలో నడిపిస్తున్నారు. అవగాహన లేనిది జనానికని నేను ఒప్పుకోను. పుష్కరాలకు లక్షల మంది వచ్చి ఎవరికి తోచింది వాళ్ళు దానం చేసి వెళ్ళే నేల ఇది. ఇక్కడి మనిషికి దానం గురించి ఒకరు పాఠం చెప్పక్కర్లేదు. అతనికి ఎవరూ చెప్పనిది ఒక్కటే: మీవాడు చనిపోయాడు అన్న మాట. ఆ మాట చెప్పకుండా గుండె అడిగితే ఏ తండ్రి ఇస్తాడు? నేనైనా ఇవ్వను. బతికున్న బిడ్డ గుండె అడుగుతున్నారనే అనుకుంటాను.

ఆ మాట ఎందుకు చెప్పవచ్చో, ఎంత నిశ్చయంగా చెప్పవచ్చో ముందు తెలుసుకుందాం. పుర్రె అడుగున, మెడకు సరిగ్గా పైన మెదడు కాండం ఉంటుంది. మనం తెలియకుండా తీసే ప్రతి ఊపిరికీ ఆజ్ఞ అక్కణ్ణుంచే. హెల్మెట్ లేకుండా బండి మీద వెళ్తున్న కుర్రాడి తల డివైడరుకు కొట్టుకుంటుంది. మెదడు వాస్తుంది. పుర్రె ఎముక కాబట్టి ఆ వాపుకు లోపల చోటుండదు. ఒత్తిడి పెరిగి పెరిగి, చివరికి మెదడుకు రక్తం ఎక్కడమే ఆగిపోతుంది. రక్తం అందని మెదడు నిమిషాల్లో చచ్చిపోతుంది, మళ్ళీ పుట్టదు. గుండె సంగతి వేరు. కొట్టుకోవడానికి అది మెదడును అడగదు, దాని లయ దానిలోనే ఉంది. వెంటిలేటరు ఊపిరితిత్తుల్లోకి గాలి కొడుతున్నంతసేపూ, రక్తంలో ఆక్సిజన్ ఉన్నంతసేపూ అది ఆడుతూనే ఉంటుంది. ఒళ్ళు వెచ్చగా ఉండేది అందుకు. వెన్నుపాములో మిగిలిన స్పందనల వల్ల ఒక్కోసారి వేలు కదులుతుంది, కాలు ముడుచుకుంటుంది. అది చూసి అక్క "కదిలాడు, కదిలాడు" అని కేక పెట్టి నర్సు దగ్గరికి పరుగెడుతుంది. ఆ కేకకు కూర్చోబెట్టి జవాబు చెప్పేవాళ్ళు ఆ అంతస్తులో ఒక్కరూ ఉండరు. నాకు కోపం మొదలయ్యేది అక్కడే.

పరీక్షలకు కరువేం లేదు. కంట్లోకి టార్చి వేసి చూస్తారు. నల్లగుడ్డును దూదితో తాకుతారు. గొంతులోకి గొట్టం పోనిచ్చి దగ్గు వస్తుందా అని చూస్తారు. చెవిలో మంచులాంటి నీళ్ళు పోసి కళ్ళు కదులుతాయా అని చూస్తారు. మన తాతలు పేరు పిలిచి వదిలింది కూడా ఆ చెవిలోనే. ఆఖరున వెంటిలేటరు గాలి ఆపి, ఆక్సిజన్ మాత్రం అందిస్తూ, రక్తంలో కార్బన్ డయాక్సైడు పీడనం 60 మిల్లీమీటర్లు దాటేదాకా ఆగుతారు. అంత చేరినా ఛాతీ ఒక్కసారైనా లేవలేదంటే ఊపిరి ఆజ్ఞ పోయినట్టే. కనీసం ఆరు గంటలు ఆగి ఇదంతా మళ్ళీ మొదట్నుంచి చేస్తారు. సంతకం పెట్టేది నలుగురు డాక్టర్లు. ఆ నలుగురిలో ఎవరికీ అవయవాలు మార్చే బృందంతో సంబంధం ఉండకూడదు.

"ఫలానా ఊళ్ళో ఒకడు బ్రెయిన్‌డెడ్ అని చెప్పాక లేచి కూర్చున్నాడంట కదండీ" అని నన్ను చాలామంది అడిగారు. దీనికి జవాబు మన డెల్టా రైతుకు బాగా తెలుసు. కట్లపాము కాటు వేస్తే ఒళ్ళంతా చచ్చుబడుతుంది, రెప్పలు వాలిపోతాయి, కనుపాప కూడా కదలదు. చూసేవాడికి పోయినట్టే ఉంటాడు. వెంటిలేటరు మీద పెట్టి విరుగుడు మందిస్తే కొన్ని రోజులకు లేచి ఇంటికి నడిచిపోతాడు. అందుకే విషమా, మత్తుమందా, ఒళ్ళు చల్లబడిపోయిందా అని ముందు తేల్చుకోకుండా ఈ పరీక్షల జోలికే వెళ్ళకూడదని నియమం. కోమా వేరు, కోమాలోంచి మనుషులు వస్తారు. పద్ధతి ప్రకారం రెండుసార్లు పరీక్షించి నలుగురు సంతకం పెట్టిన మెదడు మరణం నుంచి తిరిగొచ్చినవాడు లేడు. ఇది చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఎవరూ ఇవ్వరు. అంతకన్నా ఘోరం, "ఫిఫ్టీ ఫిఫ్టీ అండీ" అంటారు. ఆ మాట నా చెవులతో నేను విన్నాను. లోపల రెండు పరీక్షలూ అయిపోయాయని తర్వాత తెలిసింది. చనిపోయిన మనిషికి ఫిఫ్టీ ఏమిటి?

ఇప్పుడు చట్టం చేసిన వింత చూడండి. 1994 కేంద్ర చట్టం, దాని వెనకే మన రాష్ట్రం సొంతంగా తెచ్చుకున్న 1995 చట్టం, రెండూ మెదడు కాండం చనిపోతే మనిషి చనిపోయినట్టేనని ఒప్పుకున్నాయి. కానీ అవి అవయవాల మార్పిడి కోసం చేసిన చట్టాలు. జనన మరణాల నమోదుకు 1969 నాటి చట్టం వేరే ఉంది, అందులో మెదడు మాటే లేదు. ఈ రెంటి నడుమ ఇరుక్కున్న ఆసుపత్రులు ఏం చేస్తున్నాయి? ఇంటివాళ్ళు దానానికి ఒప్పుకుంటే మీవాడు చనిపోయాడంటాయి. ఒప్పుకోకపోతే వెంటిలేటరు నడుపుతూనే ఉంటాయి, గుండె ఆగేదాకా, బిల్లు పెరిగేదాకా. అంటే ఒకే మంచం మీద, ఒకే ఒంటితో ఉన్న ఆ మనిషి భార్య సంతకం పెడితే శవం, పెట్టకపోతే రోగి. ఇంతకన్నా అన్యాయమైన ప్రశ్న ఒక ఆడమనిషిని అడగగలరా? భర్తను చంపే సంతకం తానే పెడుతున్నానని ఆమె అనుకుంటే తప్పు ఆమెదా? మన పత్రికలు కూడా అదే గందరగోళాన్ని అచ్చు వేస్తున్నాయి. సోమవారం బ్రెయిన్‌డెడ్ అయ్యాడని, మంగళవారం అవయవాలిచ్చి కన్నుమూశాడని రాస్తాయి. మనిషికి రెండు చావులు ఉండవు. ఆ రెండోది చదివిన తల్లి, బతికున్నవాణ్ణే బల్ల మీదికి తీసుకెళ్ళారనుకుంటుంది. అలా అనుకునేట్టు రాసింది మనం.

కేరళ 2020లో ఈ ముడి విప్పింది. దానం చేసినా చేయకపోయినా మెదడు మరణం మరణమేనని, దాన్ని ఎలా నిర్ధారించాలో ఇదీ పద్ధతని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మాట మన ప్రతి ఐసీయూ గోడ మీదా తెలుగులో రాసి ఉండాలి. ముందు చావు చెప్పాలి. చెప్పి ఆగాలి. ఏడవనివ్వాలి, పుట్టింటివాళ్ళను రానివ్వాలి. దానం గురించి ఆ తర్వాత, వేరే మనిషి వచ్చి అడగాలి. చావు చెప్పినవాడే వెంటనే గుండె అడిగితే, కాటికాపరే కట్టెల వ్యాపారం చేసినట్టుంటుంది.

జనం ఎందుకు నమ్మరని విసుక్కునేవాళ్ళను ఒక్క సినిమా గుర్తు చేసుకోమంటాను. 2003లో 'ఠాగూర్' వచ్చింది. మొగల్తూరులో పుట్టిన చిరంజీవి నాయకుడు, చాగల్లులో పుట్టిన వినాయక్ దర్శకుడు. అందులో శవాన్ని ఐసీయూలో పెట్టుకుని, వైద్యం చేస్తున్నామని చెప్పి ఇంటివాళ్ళ దగ్గర డబ్బు గుంజే ఆసుపత్రి ఘట్టం ఉంది. అప్పటి రెండు గోదావరి జిల్లాల్లోనూ థియేటర్లు హోరెత్తిపోయాయి. ఆ చప్పట్లు ఉత్తినే రాలేదు. పొలం తాకట్టు పెట్టి, మెడలో గొలుసు కుదువపెట్టి బిల్లు కట్టి, చివరికి శవాన్ని తెచ్చుకున్న కుటుంబాల చప్పట్లవి. వెంటిలేటరు అంటే ఏమిటో తెలుగువాడికి మొదట చెప్పింది వైద్య కళాశాల కాదు, ఆ సినిమా. అదే చిరంజీవి అంతకు ఐదేళ్ళ ముందు, 1998 అక్టోబరు 2న, రక్తదానం, నేత్రదానం కోసం ట్రస్టు పెట్టారు. రక్తమిచ్చిన అభిమానులు వేలు. కానీ మన మనసులో మరణం గురించి నిలిచిపోయింది మాత్రం ఆ ఐసీయూ ఘట్టమే. ఆసుపత్రులు దాన్ని తుడిపేయాలంటే ప్రకటనలు చాలవు. చనిపోయినవాడి బిల్లు చనిపోయిన నిమిషంలో ఆగాలి. మెదడు మరణం నిర్ధారించాక ఒక్క రూపాయి రాసినా అది నేరం కావాలి, ఆ సంగతి జనానికి తెలియాలి.

కిడ్నీ దొంగతనాల మాట కూడా దాచను. 2023లో విశాఖ పెందుర్తిలో, 2025 జనవరిలో హైదరాబాదు సరూర్‌నగర్‌లో బయటపడ్డవి మన కళ్ళ ముందే ఉన్నాయి. అప్పుల్లో మునిగినవాడికి డబ్బు ఆశ చూపి కడుపు కోశారు. కానీ ఆ రెండు చోట్లా కోసింది బతికున్న పేదలను. మరణానంతర దానం వల్ల పుట్టిన దందా కాదది, అది లేకపోవడం వల్ల పుట్టిన దందా. చచ్చినవాడి మూత్రపిండాలు చితిలో కాలిపోతుంటే, డయాలిసిస్ మంచం మీద ఉన్న డబ్బున్నవాడు బతికున్న పేదవాడి వైపు చూస్తాడు. ఉద్దానంలో ఊళ్ళకు ఊళ్ళు మూత్రపిండాల జబ్బుతో కూలిపోతున్న రాష్ట్రం మనది.

ఇక "బతికుండగానే కోసేస్తారు" అనేవాళ్ళకు 2004 డిసెంబరు నాటి హైదరాబాదు సంగతి చెప్పాలి. కండరాలు కరిగిపోయే జబ్బుతో మంచాన పడ్డ ఒక యువ చదరంగ క్రీడాకారుడు, తన అవయవాలు పాడవకముందే తీసి నలుగురికి ఇవ్వమని వేడుకున్నాడు. తల్లి హైకోర్టు తలుపు తట్టింది. మెదడు చనిపోలేదు కాబట్టి చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. కొద్దిరోజుల్లో అతను పోయాడు. ఇవ్వగలిగింది కళ్ళు మాత్రమే. ఆ తల్లి దుఃఖానికి నా దగ్గర మాటల్లేవు. అయితే ఒక్క సంగతి గమనించండి. చనిపోతున్నవాడు తానే బతిమాలినా కత్తి ముట్టనివ్వని చట్టం అది. మీ ఇంటివాణ్ణి దొంగచాటుగా కోయనిస్తుందా?

మతం దగ్గరికి వస్తాను. "కళ్ళిస్తే పై జన్మలో గుడ్డివాడిగా పుడతాడు", "అంగం తక్కువైతే పిండం ముట్టదు", ఈ మాటలు చెప్పేది శాస్త్రం చదివిన పురోహితులు కారు. ఇంటి అరుగు మీద కూర్చున్న మేనత్తలు, బాబాయిలు. కళ్ళివ్వనివాడి కళ్ళు మాత్రం ఎక్కడికి పోతున్నాయి? రాజమండ్రి కోటిలింగాల రేవు పక్కన చితిలో రెండు గంటల్లో బూడిదవుతున్నాయి. ఆ బూడిద గోదావరిలో కలుస్తుంది. అంగం పోతే పై జన్మలో ఆ అంగం ఉండదన్నది నిజమైతే, దహనమైన ప్రతివాడూ ఒళ్ళే లేకుండా పుట్టాలి. పన్నెండు రోజుల కర్మలో దశదానాలు చేస్తాం. గోవు, భూమి, నువ్వులు, బంగారం, నెయ్యి, బట్టలు, ధాన్యం, బెల్లం, వెండి, ఉప్పు. గోవు ఇవ్వలేనివాడు గోవు పేరున వంద రూపాయలిచ్చినా పుణ్యమేనని ఒప్పుకునే ధర్మం, నిజంగా రెండు కళ్ళిస్తే ఒప్పుకోదా? ఉప్పు దానానికి ఉన్న గౌరవం చూపుకు లేదా?

శవం వెళ్ళే వ్యాను మీద మైకులో ఘంటసాల భగవద్గీత పెడతాం. మన డెల్టాలో ఆ గొంతు వినిపిస్తే వీధి చివర ఎవరో పోయారని పిల్లలకు కూడా తెలుస్తుంది. పాత బట్ట విప్పి కొత్తది కట్టుకున్నట్టు ఆత్మ ఒళ్ళు మార్చుకుంటుందని ఆ మైకు ఊరంతా వినిపిస్తుంది. దాని వెనకాలే నడుస్తూ "ఒంటి మీద కత్తి పడనివ్వం" అంటాం. ఆ శ్లోకం నమ్ముతున్నామా, లేదా? నమ్మకపోతే మైకు ఆపేయండి.

1976లో బాపు 'భక్త కన్నప్ప' తీశారు. బాపు పుట్టింది నర్సాపురంలో. కన్నప్పగా వేసిన కృష్ణంరాజు పుట్టింది మొగల్తూరులో. అంటే నేత్రదానం కోసం ట్రస్టు పెట్టిన చిరంజీవి, తెర మీద శివుడికి కన్ను పెకలించి ఇచ్చిన మనిషి ఒకే ఊరివాళ్ళు. పక్క ఊరి మనిషి తీసిన సినిమా. ఆ కన్నప్పకు దణ్ణం పెట్టని ఇల్లు గోదావరి జిల్లాల్లో ఉండదు. శ్రీలంకను చూడండి. బౌద్ధుల జాతక కథల్లో శిబి చక్రవర్తి కళ్ళు దానం చేస్తాడు. ఆ కథ వింటూ పెరిగిన జనం దగ్గరికి 1960లలో హడ్సన్ సిల్వా అనే డాక్టరు వెళ్ళి కళ్ళు అడిగాడు. వాళ్ళిచ్చారు. ఎంతగా ఇచ్చారంటే ఆ చిన్న ద్వీపం నుంచి కళ్ళు విమానాల్లో వేరే దేశాలకు వెళ్ళాయి. వాళ్ళకు కథ ఆచరణ అయింది, మనకు క్యాలెండరు బొమ్మ అయింది. వాళ్ళు మనకన్నా మంచివాళ్ళు కావడం వల్ల కాదు. అక్కడ ఒకడు అడిగాడు.

కళ్ళ విషయంలోనైతే వెంటిలేటరు గొడవే లేదు. ఇంట్లో మంచం మీద పోయిన ముసలమ్మ కూడా ఇవ్వవచ్చు. చనిపోయిన ఆరు గంటల్లోపు వచ్చి తీసుకుంటారు, పావుగంట పని. ముఖం చెడదు, రెప్పలు మూసే ఉంటాయి. కళ్ళజోడున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఫరవాలేదు. వాళ్ళు వచ్చేదాకా రెప్పలు మూసి తడిగుడ్డ వేసి ఉంచాలి, ఫ్యాను ఆపాలి, తల కింద దిండు పెట్టాలి. ఇంతే. ఇంత చిన్న సంగతి తెలియక, ఫోను చేయాలని ఎవరికీ తోచక, ప్రతి రాత్రీ మన ఊళ్ళలో చూపు కాలిపోతోంది.

లంకల్లో, తీరం ఊళ్ళలో ఆదివారం నిండే ప్రార్థనా మందిరాల వాళ్ళకూ ఒక మాట. పునరుత్థానం నాడు పూర్తి శరీరం కావాలన్న భయం మీలో కొందరికి ఉంది. 2000 ఆగస్టు 29న రోములో అవయవ మార్పిడి వైద్యుల మహాసభలో పోప్ రెండో జాన్ పాల్ మాట్లాడారు. దానం ప్రేమ కార్యమన్నారు. జాగ్రత్తగా పాటిస్తే మెదడు మరణం కొలమానం తమ విశ్వాసానికి విరుద్ధం కాదన్నారు. అది మీ పాస్టరుగారు పుల్పిట్ మీద నుంచి ఎన్నడైనా చెప్పారా, అడగండి.

నాకు అన్నిటికన్నా మండేది వేరే ఉంది. చచ్చినవాడి ఒంటిని ఇంత పవిత్రంగా చూసుకునే మనం, బతికున్న ఆడదాని ఒంటిని ఎలా చూస్తున్నాం? 1995 నుంచి 2021 దాకా మన దేశంలో లెక్కకెక్కిన 36,640 మార్పిడుల్లో 29,695 మగవాళ్ళకు జరిగాయి. ఆడవాళ్ళకు 6,945. బతికుండగా ఇచ్చేవాళ్ళలో మాత్రం ఎక్కువమంది ఆడవాళ్ళే. భర్తకు కిడ్నీ చెడితే పెళ్ళాం వైపు చూస్తారు. కొడుక్కి చెడితే తల్లి వైపు. ఆమెకు చెడితే? "ఆడమనిషి, ఎన్నాళ్ళుంటుందిలే, డయాలిసిస్ చేయిద్దాం" అంటారు. "ఆమే ఇష్టపడి ఇచ్చింది" అని అత్తగారు చెబుతుంది. కాదంటే కాపురం నిలుస్తుందా అని ఎవరూ అడగరు. మెదడు చచ్చిన బావమరిది ఒంటి మీద గాటు పడకూడదని ఏడ్చిన ఇంట్లోనే, ఆర్నెల్లు తిరక్కుండా కోడలి కడుపు మీద కుట్లు పడతాయి. 2023లో దేశం మొత్తం మీద 18,378 మార్పిడులు జరిగితే మరణానంతర దాతలు 1,099 మంది. మిగతా బరువంతా బతికున్న ఒళ్ళ మీద పడింది, అందులో ఎక్కువ బరువు ఆడవాళ్ళ మీద. అంతకు ముందు ఏడాది, 2022లో, రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. వీళ్ళందరూ ఇవ్వగలిగినవాళ్ళు కారని నాకు తెలుసు. చాలామంది రోడ్డు మీదే పోతారు. కానీ కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, నర్సాపురం మీదుగా సాగే 216వ జాతీయ రహదారి మీద తల పగిలి, ఐసీయూ దాకా చేరి, అక్కడ మెదడు చనిపోయిన ప్రతి కుర్రాడి ఇంటివాళ్ళనూ ఎవరైనా ఒక్కసారి మర్యాదగా అడిగారా?

రాజమండ్రివాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సిన పేరొకటుంది. చాలామందికి తెలియదు. డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్, 1942లో రాజమండ్రిలో పుట్టారు. 1994 జూలైలో అవయవ మార్పిడి చట్టం మీద రాష్ట్రపతి సంతకం పడింది. నెల తిరక్కుండా, ఆగస్టు 3న, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆయన మెదడు మరణించిన ఒక మహిళ గుండె తీసి ఒక కార్మికుడికి అమర్చారు. మన దేశంలో విజయవంతమైన మొదటి గుండె మార్పిడి అది. ఆ రోజు గుర్తుగానే ఇప్పుడు ఆగస్టు 3ను అవయవదాన దినంగా జరుపుతున్నారు. దేశమంతా జరుపుకునే ఆ రోజు ఈ ఊరి బిడ్డ చేతి పని. 2024 అక్టోబరు 8న ఆయన పోయారు. అంతకు కొద్ది వారాల ముందు, సెప్టెంబరు 12న, కాకినాడ మూలాలున్న సీతారాం ఏచూరి అదే ఎయిమ్స్‌లో కన్నుమూశారు. ఆయన దేహాన్ని ఇంటివాళ్ళు చదువుకునే పిల్లల కోసం అక్కడే అప్పగించారు. చితి లేదు. దేహదానం వేరు, అవయవదానం వేరు, ఒకటి వైద్య విద్యార్థికి, ఒకటి రోగికి. కాకినాడ రంగరాయలో శరీర నిర్మాణం నేర్చుకునే పిల్లలకూ ఒక శరీరం కావాలి కదా. ఆ ఇద్దరి చావు వార్తలూ చదివి "మనోళ్ళే" అనుకున్నాం. అనుకుని పేజీ తిప్పేశాం.

నాయకుల పుట్టినరోజుకు అవయవదాన పత్రాలు నింపించడం ఈ మధ్య ఫ్యాషనైంది. వంద మంది చేత సంతకాలు పెట్టించి, ఫొటో తీయించి, ఫ్లెక్సీ కడతారు. ఆ కాగితం పట్టుకుని అతను ఇంటికెళ్ళి భార్యకు చెప్పడు. రేపు అతనికేదైనా అయితే ఆసుపత్రి అడిగేది ఆ భార్యనే. ఆమె వద్దంటే ఆ కాగితం చిత్తు కాగితం. నింపిన పత్రాల లెక్క చెప్పుకునేవాళ్ళు, ఇచ్చిన అవయవాల లెక్క చెప్పమంటే మాట తప్పిస్తారు.

మనవాళ్ళు ఇవ్వరన్నది అబద్ధమని తేల్చే అంకె ఒకటి చెబుతాను. 2013లో హైదరాబాదు నిమ్స్ కేంద్రంగా అవయవదాన పథకం జీవన్‌దాన్ మొదలైంది. విభజన తర్వాత 2015లో ఆంధ్రకు వేరే జీవన్‌దాన్ ఏర్పడింది. 2023లో దేశంలోకెల్లా ఎక్కువమంది మరణానంతర దాతలు వచ్చింది తెలంగాణలో, 252 మంది. వాళ్ళూ తెలుగువాళ్ళే. అదే గరుడ పురాణం, అదే ఘంటసాల గీత, అదే పై జన్మ భయం. తేడా ఒక్కటే. అక్కడ పెద్దాసుపత్రుల్లో ఈ పని కోసమే జీతమిచ్చి పెట్టుకున్న సమన్వయకర్తలు ఉన్నారు. వాళ్ళు కుటుంబం పక్కన కూర్చుంటారు, మంచినీళ్ళిస్తారు, వేలు ఎందుకు కదిలిందో చెబుతారు, చివరికి అడుగుతారు. స్పెయిన్ చేసిందీ ఇదే. 1989 నుంచి ఆసుపత్రి ఆసుపత్రికీ ఇందుకు శిక్షణ పొందిన డాక్టర్లను పెట్టింది. 2023లో అక్కడ పది లక్షల జనాభాకు మరణానంతర దాతలు 48 మందికి పైనే. మన దేశంలో పది లక్షలకు ఒక్కరు కూడా లేరు.

ఇచ్చినవాళ్ళకు మనం ఏం తిరిగిస్తున్నాం? తమిళనాడు 2023 సెప్టెంబరులో, అవయవాలిచ్చినవాళ్ళకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేస్తామని ప్రకటించింది. మంచిపని, నేను హర్షిస్తాను. కానీ గౌరవం శ్మశానంతో అయిపోకూడదు. కూలివాడి గుండె వెళ్ళి లక్షలు కట్టగలిగినవాడి ఛాతీలో ఆడుతుంటే, ఆ కూలివాడి పిల్లల ఫీజు ఎవరు కడుతున్నారు? ఏ అవయవం ఏ వరుసలో, ఏ ఆసుపత్రికి వెళ్ళిందో జనం చూసే చోట పెట్టండి. పేదవాడు ఇవ్వడమే గాని పుచ్చుకోవడం లేని వ్యవస్థను దానం అనమంటే నేనూ అనను. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో, రాజమండ్రిలో 2023లో తెరిచిన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో చేరే పేద రోగికీ ఆ వరుసలో చోటుండాలి. ఇచ్చిన జిల్లాలోనే మార్పిడి జరిగే రోజు రావాలి.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. రేవులకు మెట్లు కడతారు, లైట్లు పెడతారు, వందల కోట్ల పనులకు టెండర్లు పిలుస్తారు. అధికారులూ, పురోహిత సంఘాల పెద్దలూ, మిమ్మల్ని పేరుపేరునా అడుగుతున్నాను. ప్రతి రేవులోనూ పిండప్రదానం చేయించే పంతులుగారి పక్కన, నేత్రదానం, అవయవదానం వివరించే మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. పెద్దల పేరు తలుచుకుని నీళ్ళు వదులుతున్న చేతులకు ఆ నిమిషంలో పంతులుగారే ఒక మాట చెప్పాలి, ఇదీ దానమేనని, దీనికీ ఫలముందని. ఆయన చెబితే వింటారు. కలెక్టరుగారు చెబితే తలూపుతారు.

ఈలోగా పుష్కరాల దాకా ఆగక్కర్లేని పని ఉంది. గోదావరి జిల్లాల్లో ఐసీయూ ఉన్న ప్రతి ఆసుపత్రికీ, ప్రైవేటైనా ప్రభుత్వమైనా, ఒక సమన్వయకర్త కావాలి. తెలుగు చక్కగా మాట్లాడేవాళ్ళు, ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చోగలిగినవాళ్ళు, రాత్రి రెండింటికి పిలిచినా వచ్చేవాళ్ళు. మెదడు మరణం నిర్ధారణయిన ప్రతిసారీ, దానం ఊసు ఉన్నా లేకపోయినా, అది రిజిస్టరులో ఎక్కాలి, ఆ నిమిషంలోనే బిల్లు ఆగాలి, ఇంటివాళ్ళకు తెలుగులో రాసిన కాగితం ఇవ్వాలి. నెలనెలా ఎంతమందికి చెప్పారు, ఎంతమందిని అడిగారు, ఎంతమంది ఇచ్చారు, ఎంతమంది వద్దన్నారు, ఈ నాలుగు అంకెలూ జిల్లా వైద్యాధికారి కార్యాలయం బోర్డు మీద ఉండాలి. ఆ మొదటి రెండు గడుల్లో సున్నా రాసుకున్న ఆసుపత్రి యజమాని, వచ్చే ఆగస్టులో అవగాహన ర్యాలీకి జెండా ఊపడానికి వస్తే, వేదిక ఎక్కనివ్వకండి.